సూజ్‌దల్ మఠంలో నా రష్యన్ పాండిత్యం

పరువు పోగొట్టుకోవడానికి మనిషికి బోలెడన్ని చోట్లున్నాయి. ఆఫీసులో పోవచ్చు, పెళ్లి పందిట్లో పోవచ్చు, మేముండే లండన్ శివారు హారోలో అయితే తెలుగువాళ్ల ఉగాది సంబరాల్లో మైకు పట్టుకుని పాట పాడితే చాలు, సులువుగా పోతుంది. నేను మాత్రం ఇంటికి తాళం వేసుకుని, విమానమెక్కి, రైలెక్కి, చివరికి బస్సు కూడా ఎక్కి, రష్యాలో మధ్యయుగాల నాటి మఠం ఒకటి వెతుక్కుని మరీ అక్కడ పోగొట్టుకున్నాను. అదైనా చాటుగా జరిగిందా అంటే, లేదు. కట్టుకున్న భార్య ముందు, పిల్లనిచ్చిన అత్తగారి ముందు, బొడ్డు దాకా తెల్లగడ్డం వేలాడే ఒక ఫాదర్ గారి ముందు, తలకు రుమాళ్లు కట్టుకున్న బామ్మల దండు ముందు జరిగింది. చెబుతాను, నవ్వుకోండి. మా ఇంట్లో వాళ్లు ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు, మీరూ వాళ్లలో కలవండి.

అది రెండు వేల పదమూడు శరదృతువు. మా అత్తగారు సుభద్రమ్మగారు కాకినాడ నుంచి మా ఇంటికి వచ్చి ఉన్నారు. మా ఆవిడ శైలజ పిల్లల డాక్టరు. హాస్పిటల్ డ్యూటీల పట్టిక ఎప్పుడు దయ తలిస్తే అప్పుడు వాళ్లమ్మను తిప్పేది. లండన్‌లో చూపించాల్సినవన్నీ చూపించాం. రాణిగారి కోట చూసి ఆవిడ, "బానే ఉందమ్మా, సున్నం వేయించినట్టు లేరు" అన్నారు. వంతెనలు చూసి, "మన గోదావరి బ్రిడ్జి ముందు ఇవెంతలే" అన్నారు. ఒకరోజు రాత్రి భోజనాల దగ్గర ఉన్నట్టుండి, "ఇక్కణ్ణించి రష్యా దగ్గరేనా నాయనా?" అని అడిగారు.

నా చేతిలో ముద్ద ఆగిపోయింది. "రష్యాలో ఏం పని అత్తయ్యగారూ?"

"పనేం లేదు. మా సోషల్ పుస్తకం అట్ట మీద ఒక గుడి ఉండేది. అది చూద్దావని."

ఆ తరం వాళ్లకు చెప్పక్కర్లేదు. ఈ తరం వాళ్ల కోసం చెబుతున్నాను. ఆ రోజుల్లో రష్యా నుంచి తెలుగులో ఒక పత్రిక వచ్చేది. కాగితం అద్దంలా నున్నగా, దళసరిగా ఉండేది. దాన్ని ఎంతమంది చదివారో తెలియదు గానీ, బడి పుస్తకాలకు అట్టలు వేసుకోవడానికి దాన్ని మించింది లేదు. సుభద్రమ్మగారి లెక్కల పుస్తకం మీద ట్రాక్టరు ఉండేదట. సైన్సు పుస్తకం మీద రాకెట్టు. సోషల్ పుస్తకం మీద తెల్లటి గోడలు, వాటి మీద ఉల్లిపాయల్లాంటి నీలం బురుజులు, ఆ నీలం నిండా బంగారు చుక్కలు. మాస్టారు పానిపట్టు యుద్ధం చెబుతుంటే ఈవిడ ఆ చుక్కలు లెక్కపెట్టుకుంటూ కూర్చునేవారట. "ఆకాశాన్ని చుట్టి గుడి మీద పెట్టినట్టుండేది నాయనా," అన్నారు.

శైలజ ఆ రాత్రే ఫోన్లో బొమ్మలన్నీ వెతికి ఆ గుడి పట్టుకుంది. మాస్కోకు ఈశాన్యంగా ఉంగరంలా పేర్చినట్టు కొన్ని పాత ఊళ్లున్నాయి, వాటిని స్వర్ణవలయం అంటారు. ఆ ఉంగరంలో పొదిగిన రాయి లాంటి చిన్న ఊరు సూజ్‌దల్. ఆ గుడి అక్కడుంది. వీసాలూ టికెట్లూ అన్నీ శైలజే చూసుకుంది. ఇంగ్లీషు వచ్చిన గైడ్‌ని కూడా ఒకావిణ్ణి కుదిర్చింది. ఇంత చక్కటి ఏర్పాటులో నేను చేసింది ఒకే ఒక్క పని. ఆ గైడ్‌ని వద్దని చెప్పేశాను.

ఎందుకంటారా? అప్పటికి నేను రష్యన్ నేర్చేసుకున్నాను కనుక.

రోజూ హారోలో ట్యూబ్ రైలు ఎక్కి ఆఫీసుకు వెళ్లేటప్పుడు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని రష్యన్ పాఠాలు వినేవాణ్ణి. విని ఊరుకోకుండా పైకి అనేవాణ్ణి కూడా. నా పక్కన కూర్చున్న తెల్లదొరలు రెండు స్టేషన్లు ఓపికపట్టి, మూడో స్టేషన్లో సీటు మారిపోయేవారు. నేను లెక్కచేయలేదు. ఎందుకంటే అప్పటికే ఒక మహత్తర సత్యం కనిపెట్టి ఉన్నాను. రష్యన్‌లో రెండంటే ద్వా. మూడంటే త్రి. నాలుగంటే చెతీరి. ఇంకేం కావాలి? ఇది మన సంస్కృతమే, చలికి కాస్త ముడుచుకుంది! తెలుగువాడు పుట్టుకతోనే సగం రష్యన్ నేర్చుకుని పుడతాడని, మిగతా సగం ట్యూబ్‌లో సరిపోతుందని తీర్మానించుకున్నాను.

"గైడ్‌ని వద్దన్నారా? నాతో ఒక్క మాటైనా అనకుండా?" అంది శైలజ.

"గైడ్ ఎందుకు శైలూ, నేనున్నాగా."

"మీరుంటారనేగా గైడ్‌ని పెట్టింది!"

అత్తగారు మాత్రం నా పక్షమే. "పోన్లేవే. అల్లుడుగారు అంత కష్టపడి నేర్చుకున్నారు. మన మనిషి మాట్లాడుతుంటే మనకీ ధైర్యం," అన్నారు. పాపం, ఆ నమ్మకానికి నేను ఏం ప్రతిఫలం ఇచ్చానో ముందు ముందు మీకే తెలుస్తుంది.

మాస్కో నుంచి రైల్లో వ్లదీమిర్ అనే ఊరికి చేరాం. అక్కడొక పెద్ద క్యాథడ్రల్ ఉంది. కొండ మీద ఉంది. దాని బంగారు బురుజులు ఊరంతటికీ కనిపిస్తాయి. అలాంటిదానికి దారి తప్పాలంటే మనిషికి ప్రత్యేకమైన ప్రతిభ ఉండాలి. నేను స్టేషన్ బయట ఒక పెద్దమనిషిని ఆపి, క్యాథడ్రల్ ఎక్కడ అని స్వచ్ఛమైన రష్యన్‌లో అడిగాను. ఆయన ముఖం వెలిగిపోయింది. చేతులూపుతూ ఏకబిగిన ఉపన్యాసం ఇచ్చాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా మధ్యమధ్యలో "దా, దా" అంటూ తల ఊపాను. దా అంటే అవును. మనకు అర్థం కాకపోయినా అవతలివాడు నొచ్చుకోకుండా ఉండటానికి అంతకన్నా మంచి మాట ఇంకొకటి లేదని ఆ రోజు నా అభిప్రాయం.

"ఏమన్నాడు?" అంది శైలజ.

"ఇటు," అన్నాను.

మేం ఇటు వెళ్లి ఒక సిమెంటు గోడౌను చూశాం. చక్కగా ఉంది. వెనక్కి తిరిగిన అత్తగారు కొండ మీదికి వేలు చూపించి, "అది కాదు కదా నాయనా?" అన్నారు. అదే.

లోపల గోడల మీద పాతకాలపు చిత్రాలు సగం చెరిగిపోయి ఉన్నాయి. దేవదూతల ముఖాలు మాత్రం చెక్కుచెదరలేదు. అత్తగారు ఒక్కొక్క ముఖం ముందూ ఆగి చూస్తూ, "వీళ్లంతా మనని చూసి జాలిపడుతున్నట్టు లేదూ?" అన్నారు. దేవదూతలకు నా సంగతి ముందే తెలిసి ఉంటుందని ఇప్పుడు అనిపిస్తోంది.

మర్నాడు సూజ్‌దల్ చేరాం. ఆ ఊరు చూడాలి మీరు. గడ్డి మైదానం మధ్య మెలికలు తిరిగే చిన్న ఏరు, చెక్కతో నగిషీలు చెక్కిన కిటికీల ఇళ్లు, ఎటు తిరిగినా ఒక గుడి. రెండిళ్లకో గుడి అన్నా అబద్ధం కాదు. ఏటి మలుపు తిరగ్గానే ఆ తెల్లగోడలు కనిపించాయి. వాటి పైన నీలం బురుజులు. నీలం మీద బంగారు చుక్కలు.

అత్తగారు నడక ఆపేశారు. చీర మీద తొడుక్కున్న శైలజ కోటులోంచి చెయ్యి తీసి, మెల్లగా కళ్లు తుడుచుకున్నారు. "అట్ట మీద ఒక మూల సిరా మరక ఉండేదే. అక్కడ ఏముందా అనుకునేదాన్ని. చెట్టుందన్న మాట," అన్నారు. శైలజ వాళ్లమ్మ భుజం చుట్టూ చెయ్యి వేసింది. గైడ్‌ని మానిపించినందుకు ఎవరూ నన్ను దెప్పని క్షణం ఆ ప్రయాణం మొత్తంలో అదొక్కటే.

అయితే కడుపు అనేది ఒకటుంది కదా. అత్తగారు శాకాహారి. గుడ్డు కూడా ముట్టరు. మాంసం లేని సూపు కావాలని నేను రష్యన్‌లో ఆర్డరిచ్చిన ప్రతిసారీ మాంసం ఇంకాస్త ఎక్కువ వేసి తెచ్చేవాళ్లు. సూజ్‌దల్‌ దోసకాయలకు పెట్టింది పేరు. అందుచేత ఆవిడ దోసకాయలూ రొట్టే తిని ప్రాణం నిలబెట్టుకుంటున్నారు. "ఫరవాలేదు నాయనా, ఒంటికి చలవ," అనేవారు చలికి వణుకుతూ.

సూజ్‌దల్ చేరిన మూడో రోజు ఉదయం ఊరి అంచున ఉన్న ఒక మఠానికి వెళ్లాం. పెద్ద ప్రాకారం, లోపల ఆపిల్ తోట, మధ్యలో తెల్లటి చర్చి. గుమ్మం దగ్గర ఒక బామ్మ కాపలా. ఆవిడకు మా ముగ్గుర్నీ చూడగానే ఒక అభిప్రాయం ఏర్పడిపోయింది. అత్తగారు చీర కొంగు తలమీదుగా కప్పుకుని ఉంటే, ఆహా అన్నట్టు చూసి రెండు బుగ్గలూ నిమిరింది. జీన్స్‌లో ఉన్న శైలజ నడుముకు ఒక గళ్ల గుడ్డ చుట్టి ముడివేసింది. నా తలమీద మంకీ క్యాపును మాత్రం ముల్లంగి పీకినట్టు పీకి నా చేతిలో పెట్టింది. అక్కడ ఆడవాళ్లు తల కప్పుకోవాలి, మగవాళ్లు తీసేయాలి.

లోపల ప్రార్థన జరుగుతోంది. కొవ్వొత్తుల వెలుగు, సాంబ్రాణి వాసన, ఎక్కడో పైనుంచి సన్యాసినుల పాట. కుర్చీల్లేవు, అందరూ నిలబడే ఉన్నారు. కాసేపటికి అత్తగారికి కాళ్లు లాగితే శైలజ ఆవిణ్ణి తీసుకెళ్లి తోటలో బెంచీ మీద కూర్చోబెట్టింది. వాళ్ల వెనకే నేనూ బయటికి వచ్చాను. అదే సమయానికి ఒకావిడ కాగితంలో చుట్టిన కజ్జికాయ లాంటిదేదో తింటూ మా ముందు నుంచి వెళ్లింది. పొగలు కక్కుతోంది. వేయించిన క్యాబేజీ వాసన!

"అదేంటి నాయనా?" అన్నారు అత్తగారు. రెండు రోజుల దోసకాయలు ఆ గొంతులో పలికాయి.

నేను పరిగెత్తుకెళ్లి ఆవిణ్ణి ఆపి, దాన్ని చూపించి, ఎక్కడ అన్నాను. ఆవిడ చర్చి వైపు చెయ్యి ఊపి ఏదో చెప్పింది. చర్చి వెనక ఉన్న వంటశాల కిటికీ దగ్గర అని చెప్పిందని ఇప్పుడు నాకు తెలుసు. అప్పుడు మాత్రం, "దా, దా," అన్నాను.

"ఇక్కడే కూర్చోండి, లోపల ప్రసాదం ఇస్తున్నారు. వేడివేడిగా తెస్తాను," అని అత్తగారికి మాటిచ్చి లోపలికి వెళ్లాను.

వెళ్లి చూస్తే నిజంగానే ఒక మూల క్యూ ఉంది. ఇంగ్లండ్‌లో కొన్నేళ్లు బతికినవాడి జబ్బు మీకు తెలుసో లేదో. క్యూ కనిపిస్తే కాళ్లు వాటంతటవే వెళ్లి చివర నిలబడతాయి. ఎందుకు, దేనికి అన్న ఆలోచన ఆ తర్వాత. పైగా గుడిలో క్యూ ఉందంటే దాని చివర ప్రసాదం ఉండకుండా ఎలా ఉంటుంది? నేను నిలబడ్డాను.

ముందున్నవాళ్లు ఒక్కొక్కరే వెళ్లి, ఎత్తుపీట లాంటిదాని పక్కన నిలబడ్డ ఫాదర్ గారి చెవిలో గుసగుసగా ఏదో చెబుతున్నారు. ఆయన తన మెడలోని పొడవాటి పట్టుగుడ్డను వాళ్ల తల మీద కప్పి ఏదో గొణుగుతున్నారు. వాళ్లు ఒట్టి చేతులతో వెళ్లిపోతున్నారు. ఒట్టి చేతులెందుకో నాకు వెంటనే తట్టింది. మన టిఫిన్ సెంటర్ పద్ధతి! ఇక్కడ చెప్పుకోవాలి, అక్కడ తీసుకోవాలి. గుడి కాబట్టి మెల్లగా చెబుతున్నారు. కొందరు కళ్లనీళ్లు పెట్టుకుంటున్నారు. అంత రుచిగా ఉంటాయేమో అనుకున్నాను.

అది పాపాలు చెప్పుకునే క్యూ అని మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. నాకు కాలేదు.

నా వంతు వచ్చింది. ఫాదర్ గారి కళ్లు ఎంత చల్లగా ఉన్నాయంటే, ఈయన దగ్గర రెండేమిటి, నాలుగు అడిగినా ఇచ్చేలా ఉన్నారు అనిపించింది. ఆయన మృదువుగా ఏదో అడిగారు. నేను గట్టిగా, "దా!" అన్నాను. ఆయన తలపంకించి, చెప్పు నాయనా అన్నట్టు చెవి దగ్గరికి తెచ్చారు.

అప్పుడు తెలిసింది, ఆ తినుబండారం పేరు నాకు తెలియదని. ఫరవాలేదు, తెలిసిన మాటలతో నెట్టుకొద్దాం అనుకున్నాను. మా ఆవిడ కోసం అని చెప్పబోతే, పాఠంలో బట్టీపట్టిన వాక్యం నోట్లోకి వచ్చేసింది. "ఉ మెన్యా జెనా," అన్నాను. నాకు భార్య ఉంది అని అర్థం. ఆయన మంచిదే అన్నట్టు చూశారు. "ఎష్యో ద్వె, పజాలుస్త," అన్నాను. ఇంకో రెండు, దయచేసి.

ఇక్కడ మీకో చిన్న వ్యాకరణ పాఠం చెప్పాలి. మనం వస్తువులైతే రెండు, మనుషులైతే ఇద్దరు అంటాం చూడండి. రష్యన్‌లోనూ రెండుకు రెండు రూపాలున్నాయి. పుంలింగానికి ద్వా, స్త్రీలింగానికి ద్వె. వాళ్ల భాషలో ఆ కజ్జికాయ పుంలింగం. నేను ద్వె అన్నాను.

ఫాదర్ గారు కళ్లు చిట్లించి, "ద్వె?" అన్నారు.

"ద్వె," అని రెండు వేళ్లు చూపించాను. వేడిగా ఉండాలి అన్న మాట గుర్తొచ్చి అదీ చెప్పాను. అర్థం కాలేదేమోనని రెండు చేతులతో గాలిలో కాస్త బొద్దుగా ఆకారం గీసి చూపించాను.

నా వెనక బామ్మల్లో ఒకావిడ గబగబా గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది.

ఫాదర్ గారు ఒక్కొక్క ప్రశ్నే అడగసాగారు. నేను ఒక్కొక్కదానికీ "దా" అంటూ వచ్చాను. నేను దా అన్నకొద్దీ ఆయన ముఖం దిగాలుపడుతోంది. చివరికి నిట్టూర్చి, తన పట్టుగుడ్డ నా తల మీద కప్పారు. నాకు ప్రాణం లేచొచ్చింది. మన శఠగోపమే! ఏ దేశమైతేనేం, దేవుడి పద్ధతులు ఒకటే అనుకుని, తర్వాత తీర్థం ఇస్తారు కదా అని రెండు చేతులూ దోసిలి పట్టాను. అక్కడ ఆశీర్వాదం కోసం చేతులు సరిగ్గా అలాగే పడతారట. పశ్చాత్తాపంతో ఉన్న పాపి అనుకుని ఆయన కరిగిపోయారు. పక్కనున్న ఒక యువ సన్యాసినిని పిలిచారు. ఆవిడ పేరు సిస్టర్ వేరా. కొద్దిగా ఇంగ్లీషు వచ్చు.

"మీ భార్యకు ఈ విషయం తెలుసా అని ఫాదర్ అడుగుతున్నారు," అంది సిస్టర్ వేరా మెల్లగా, ఇంగ్లీషులో.

"తెలియకేం? బయట తోటలో ఎదురుచూస్తోంది."

ఆవిడ అది రష్యన్‌లోకి మార్చింది. ఫాదర్ గారి కనుబొమలు పైకి లేచాయి.

"ఆవిడ ఒప్పుకుందా?"

"ఒప్పుకోవడమేమిటి, అసలు ఇది వాళ్లమ్మ కోరిక. ఆవిడ కోసమే ఇదంతా."

"మీ అత్తగారి కోరికా?" సిస్టర్ వేరా గొంతు చిన్నబోయింది.

"అవును సిస్టర్. పాపం పెద్దావిడ. రెండు రోజులుగా ఓపిక పడుతున్నారు."

"మరి మీకు ఈ కోరిక ఎప్పటి నుంచి?"

"నాకా? ఇందాకే. తోటలో ఒకావిణ్ణి చూశాను. చూడగానే అందరికీ నోరూరింది."

సిస్టర్ వేరా ఆ వాక్యాన్ని అనువదించడానికి ముందు కాసేపు కళ్లు మూసుకుంది. అనువదించాక ఫాదర్ గారు గోడ పక్కనున్న బల్ల మీద కూలబడ్డారు. తర్వాత నెమ్మదిగా ఏదో చెప్పారు.

"దేవుడు మీకు ఒకటి ఇచ్చాడు. దానితో తృప్తిపడాలి అంటున్నారు ఫాదర్."

"ఇంకా ఎక్కడిచ్చారు?" అన్నాను అమాయకంగా. "పైగా మేం ముగ్గురం సిస్టర్, ఒక్కటి ఎలా సరిపోతుంది? సరే, రెండు లేకపోతే ఒకటే ఇవ్వండి. ముగ్గురం పంచుకుంటాం. మా ఇళ్లల్లో అలవాటే."

ఆవిడ దీన్ని అనువదించలేదు. ముఖం ఎర్రబడి అటు తిరిగింది. ఈలోగా ఫాదర్ గారు గుమ్మం దగ్గరి బామ్మకు సైగ చేశారు. ఆవిడ తోటలోకి పరుగెత్తింది.

మరో నిమిషంలో శైలజా, అత్తగారూ లోపలికి వచ్చారు. వచ్చారు అనడం కంటే బామ్మలు పొదివి పట్టుకుని తెచ్చారు అనాలి. ఒకావిడ శైలజ తల నిమురుతోంది. ఇంకొకావిడ అత్తగారి చెయ్యి పట్టుకుని కళ్లొత్తుకుంటోంది. నాకేసి చూసిన చూపులు మాత్రం, ముల్లంగిలా పీకాల్సింది నా క్యాపును కాదు, నన్ను అన్నట్టున్నాయి.

"ఏం చేశారండీ?" అంది శైలజ తెలుగులో, పళ్లబిగువున.

"ప్రసాదం అడిగాను. అంతే. ఒట్టు!"

సిస్టర్ వేరా శైలజ రెండు చేతులూ పట్టుకుంది. "ధైర్యంగా ఉండండి. మీ ఆయన అంతా చెప్పేశారు. తనకి ఇంకా ఇద్దరు కావాలంటున్నారు."

"ఇద్దరెవరు?"

"భార్యలు."

శైలజ నన్ను చూసింది. నా బట్టతల చూసింది. చేతిలోని మంకీ క్యాపు చూసింది. ఆ తర్వాత చర్చి అని కూడా చూడకుండా పకపకా నవ్వేసింది. "ఈయనకా? ఇద్దరా?" అని నవ్వుతూ స్తంభానికి ఆనుకుంది. దుఃఖంతో మతి చలించిందనుకుని బామ్మలు ఇంకా గట్టిగా పట్టుకున్నారు. నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో కోపం వచ్చి ఉంటే నాకు గౌరవంగా ఉండేది.

కోపం వచ్చింది అత్తగారికి. అప్పటిదాకా నాకు మద్దతుగా ఉన్న ఆ మహాతల్లి, కొంగు నడుముకు బిగించి, "ఏంటి నాయనా ఇది? మా పిల్లకేం తక్కువైందని? ఇంత దూరం తీసుకొచ్చి, దేవుడి ముందర నిలబెట్టి అడగాల్సిన మాటేనా ఇది?" అన్నారు. గొంతు వణికింది. సోషల్ పుస్తకం మీది చుక్కల గుడి చూడ్డానికి వచ్చిన మనిషి అలా కళ్లనీళ్ల పర్యంతమైతే నేనేమైపోవాలి?

"అయ్యో అత్తయ్యగారూ! మీకోసమేనండీ! సిస్టర్, దయచేసి చెప్పండి ఫాదర్ గారికి, నాకు కావలసింది క్యాబేజీది! లోపల క్యాబేజీ ఉండాలి, గుడ్డు ఉండకూడదు!" అని ఇంగ్లీషులో గావుకేక పెట్టాను.

సిస్టర్ వేరా ఆగిపోయింది. "క్యాబేజీ?"

"క్యాబేజీ! వేడిగా! బొద్దుగా! కాగితంలో చుట్టి!"

ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదలసాగాయి. "పిరష్కీ," అంది, ఊపిరి అందక. "ఫాదర్, ఈయనకు పిరష్కీలు కావాలట!"

ఫాదర్ గారు ఒక్క క్షణం నన్ను అలాగే చూశారు. ముందు గడ్డం కదిలింది. తర్వాత పొట్ట. ఆ తర్వాత మనిషంతా కదిలిపోయారు. పవిత్ర స్థలంలో పెద్దగా నవ్వకూడదు కాబట్టి ఆయన గడ్డాన్ని రెండు చేతులా నోటికి అదిమిపట్టుకుని నవ్వారు. వెనకున్న బామ్మలకు ఎవరో చెప్పారు. ఆ నవ్వు వరసలో చివరిదాకా పాకి, గుమ్మం దాటి తోటలోకి వెళ్లింది. శైలజ వాళ్లమ్మకు తెలుగులో చెప్పింది. అత్తగారు నావైపు తిరిగి, "కజ్జికాయలా?" అన్నారు.

"కజ్జికాయలేనండీ."

"నా తండ్రే!" అని నెత్తిమీద ఒక్క మొట్టికాయ వేశారు. అల్లుడి తలమీద అత్తగారు మొట్టికాయ వేయడం మా వైపు ఎక్కడా లేదు. అయినా ఆ మొట్టికాయంత తియ్యటిది నా జన్మలో లేదు.

ప్రార్థన అయ్యాక ఫాదర్ గారే మమ్మల్ని వంటశాలకు తీసుకెళ్లారు. పొడవాటి చెక్క బల్ల, సమోవార్ అనే ఇత్తడి బాయిలర్‌లో మరిగే నీళ్లతో టీ, పళ్లెం నిండా క్యాబేజీ పిరష్కీలు. గుడ్డు లేనివి వేరుగా పెట్టించారు. అత్తగారు మొదటిది నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. "కొంచెం పచ్చిమిర్చి పడితే స్వర్గవే," అన్నారు. సిస్టర్ వేరా పచ్చిమిర్చి అంటే ఏమిటని అడిగింది. అక్కడి నుంచి ఆవిడా, అత్తగారూ, మధ్యలో అనువాదానికి శైలజా, ఎంతసేపు మాట్లాడుకున్నారో నాకు గుర్తులేదు. అత్తగారి పుస్తకాల అట్టల గురించి విని ఫాదర్ గారు ఆశ్చర్యపోయారు. ఆయన చిన్నప్పుడు, సోవియట్ రోజుల్లో, ఆ గుడి తలుపులు మూసి ఉండేవట. తాళం వేసిన ఆ గుడి బొమ్మను ఎక్కడో సముద్రాలవతల ఒక చిన్నపిల్ల రోజూ చూసుకుంటూ ఉండేదంటే ఆయన నమ్మలేకపోయారు. లేచి వెళ్లి అత్తగారికి ఇంకో పిరష్కీ తనే వడ్డించారు.

నేను మాత్రం ఒక అనుమానంతో తినలేకపోతున్నాను. చివరికి అడిగేశాను. "సిస్టర్, ఫాదర్ గారు నన్ను చాలా ప్రశ్నలు అడిగారు. నేను అన్నిటికీ దా అన్నాను. అవేమిటి?"

ఆవిడ ఫాదర్ గారిని అడిగి, నవ్వు ఆపుకుంటూ చెప్పింది. "అతిగా తాగుతావా అన్నారు. దా అన్నారట. పొరుగువాళ్లను చూసి అసూయపడతావా? దా. భార్య మీద అరుస్తావా? దా. అత్తగారితో పోట్లాడతావా? దా."

"అదెప్పుడు నాయనా?" అన్నారు అత్తగారు, నోటినిండా పిరష్కీతో.

"అన్నీ అబద్ధాలే కదా సిస్టర్! అయితే నా మీద ఏ పాపమూ లేనట్టేగా?" అన్నాను ఆశగా.

సిస్టర్ వేరా ఫాదర్ గారి వైపు చూసింది. ఆయన గడ్డం సవరించుకుని, చాలా గంభీరంగా రెండు వాక్యాలు చెప్పారు.

"మీరు చేయని పాపాలకు క్షమించేదేమీ లేదట. కానీ అన్నిటికన్నా ముందు ఆయన ఒక ప్రశ్న అడిగారట, నీకు రష్యన్ వచ్చా అని. దానికి మీరు అన్నిటికన్నా గట్టిగా దా అన్నారట. ఆ పాపం మాత్రం నిజంగానే చేశారు కాబట్టి, రష్యా దాటేదాకా మౌనవ్రతం పాటించమంటున్నారు."

"అది హారోలో కూడా వర్తిస్తుందేమో అడగండి సిస్టర్," అంది శైలజ.

కనుక పాఠక మహాశయులారా, సాంబ్రాణి పొగ సాక్షిగా, క్యాబేజీ కూర సాక్షిగా ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. చివర ఏముందో కనుక్కోకుండా ఏ మతం వాళ్ల గుడిలోనూ క్యూలో నిలబడను. అర్థం కాని ప్రశ్నకు ఏ భాషలోనూ అవును అనను. ముఖ్యంగా, ఎంత ఆకలి మీదున్నా సరే, భార్యనీ అంకెనీ ఒకే ఊపిరిలో పలకను.